ఎలివేషను వ్యామోహము

కరీంనగరుననో, మంచిర్యాలలోనో, ఆదిలాబాదులోనో నేడు ఇల్లు కట్టబూనిన గృహస్థుడు ఇంజనీరు నొద్దకు పోయి మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? గాలి యెటునుండి వచ్చునని కాదు. పడమటి యెండ ఏ గదిపై పడునని కాదు. వానకాలపు నీరెటు పోవునని అంతకన్నను కాదు. "ఎలివేషను చూపించుడు" అనుచున్నాడు. అంతట కంప్యూటరు తెరపై రంగుల బొమ్మ యొకటి ప్రత్యక్షమగును. ఆ బొమ్మలో ఎండ లేదు, దుమ్ము లేదు, ఎదుట కరెంటు స్తంభము లేదు, ప్రక్కయింటి గోడ లేదు. పచ్చికబయలు, నీలాకాశము, వాకిట విదేశపు కారు మాత్రము కలవు. ఆ బొమ్మకు తలయూపి మన గృహస్థుడు 20 ఏండ్ల అప్పుపత్రముపై సంతకము చేయుచున్నాడు.

మా ఆక్షేపణ యంతయు ఒక చిన్న లెక్కపై నిలిచియున్నది. అప్పు 20 ఏండ్లు బ్రతుకును. ఈ ఫ్యాషను 10 ఏండ్లు బ్రతుకదు. అప్పు తీరకమునుపే ఇంటి ముఖము ముసలిదగును.

ఇది జోస్యము కాదు; కన్నులయెదుట నున్న సాక్ష్యము. మన పట్టణములలో ఏ పాత కాలనీలోనైనను ఒక వీధి నీ చివరనుండి యా చివరవరకు నడచి చూడుడు. పిట్టగోడపై సీసాలవంటి సిమెంటు స్తంభికలు బారులుతీరిన యిల్లు ఒక తరమువారిది. హాలునకును భోజనశాలకును నడుమ కమాను గట్టి, ప్రక్కన అద్దాల షోకేసులో బొమ్మలు నిలిపి, క్రింద మొజాయికు పరచిన యిల్లు మఱియొక కాలపుది. ముందరిభాగమంతయు నీలియద్దము తొడిగికొన్నది ఆపై వచ్చినది. కట్టిననాడు వీనిలో ప్రతియొకటియు వీధికంతకు కనులపండువే. నేడు ఆ యింటివారి కొడుకులే "పాత మోడలు" అని సిగ్గుపడుచు సుత్తె చేతబట్టుచున్నారు. ఇప్పటి ఎలివేషను గతి వేఱుగా నుండునని నమ్ముట కాధారమేమి? బూడిదరంగు గోడపై తెల్లపట్టీలు. కొయ్యరంగు పూసిన అల్యూమినియపు రేకులు. యంత్రముతో కోసిన పూలజాలి. బాల్కనీకి ఉక్కుకడ్డీల నడుమ అద్దపు పలకలు. లోన పీఓపీ కప్పు, దాని యంచున నీలి యెఱ్ఱ దీపములు. జగిత్యాలలో నిదియే, నిర్మలలో నిదియే, సిరిసిల్లలో నిదియే. అందఱును ఒక్కసారిగా తెచ్చుకొన్న దానిపై అందఱకును ఒక్కసారిగానే విసుగు పుట్టును.

1910లో వియన్నా నగరమున అడాల్ఫ్ లూస్ అను వాస్తుశిల్పి అలంకారమును ఖండించుచు నొక యుపన్యాస మిచ్చెను. ఆదివాసుల యలంకారములను ఆయన హీనముగా చూచెను. గోండుల సీమయైన ఆదిలాబాదును గూర్చి వ్రాయు మేము ఆ భాగమును అంగీకరింపజాలము. కాని ఆయన చెప్పిన వానిలో నొకటి నేటి మన వీధులకు సరిగా తగులుచున్నది. వస్తువు అఱుగకమునుపే దాని రూపము పాతబడినచో, దానిపై వెచ్చించిన శ్రమయు ధనమును వ్యర్థమని యాయన వాదము. అంగవస్త్రము పాతబడిన పెట్టెలో వేయవచ్చును. గోడకు బోల్టులు బిగించిన రేకును ఏ పెట్టెలో వేయుదుము?

ఇంతకును ఈ ధనము ఎవరిది? మన సీమలో ఇండ్లకు వచ్చు సొమ్ములో పెద్దభాగము దుబాయి, మస్కటు, సౌదీలలో చెమటోడ్చి పంపినది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములలో బీడీలు చుట్టి ఆడువారు కూడబెట్టినదియు నందు కలదు. గల్ఫునకు పోయిన సోదరుడు అచట ఇఱుకు గదిలో పలువురితో పాటు పరుండి, ఇచట కుటుంబమునకు విశాలమైన యిల్లు కావలెనని కోరుట సహజము. ఆ కోరికను మేము గౌరవించుచున్నాము. కాని ఆయన అచట చూచినది ఎడారిలోని అద్దపుమేడ. దాని లోపలి చలువ రేయింబవళ్లు తిరుగు యంత్రములది; అద్దముది కాదు. ఆ యంత్రముల ఖర్చు అచట నొక సంస్థ భరించును. ఇచట ఆయన తల్లి భరింపవలెను. ఆమె ఏమి చేయుచున్నది? బిల్లునకు వెఱచి ఏసీని ఆపివేసి, కొత్త హాలునకు తాళమువేసి, వెనుకవైపు రేకుల పందిరి క్రింద నులకమంచము వేసికొనుచున్నది. ఇట్టి యిండ్లు ఎన్ని యున్నవో చదువరులకు మేము చెప్ప నక్కఱలేదు.

మే నెలలో 45 డిగ్రీలు దాటుట రామగుండమునకు గాని ఆదిలాబాదునకు గాని వింత కాదు. అదే ఆదిలాబాదు పుష్యమాసమున చలికి గజగజ వణకును. ఇట్టి సీమకు అద్దపు ముఖమేల? అద్దము గుండ ఎండ లోనికి వచ్చును. ఆ యెండకు కాగిన గోడలు, సామానులు విడుచు వేడి మాత్రము ఆ యద్దము దాటి వెలికి పోజాలదు. 5 అంగుళముల స్లాబు పగలంతయు ఎండను త్రాగి, మనము పరుండు వేళకు దానిని గదిలోనికి క్రక్కును. దీనికి తోడు పీఓపీ కప్పు వచ్చి, పదడుగుల గదిని తొమ్మిదడుగులు చేసి, పంకాను మన తలపైకి దించుచున్నది. బాల్కనీ సంగతి చెప్పుటకే నవ్వు వచ్చుచున్నది. బాల్కనీ యనగా సాయంకాలము గాలికి కూర్చుండు చోటు. కూర్చున్నవాని రొమ్ముదాక అద్దము నిలిపిన పిదప గాలి యెచటినుండి రావలెను? వాస్తుపండితుడు చెప్పినయెడల కట్టిన తలుపును పెఱికి మఱియొక దిక్కున నిలుపుచున్నారు. సూర్యుడు ప్రతిదినము స్వయముగా వచ్చి చెప్పుచున్నను వినుటలేదు.

మంథనిలో నేటికిని మిగిలిన పాత యిండ్లను చూచినవారికి వేఱొక పద్ధతి తెలియును. మూరెడు మందపు గోడ, వీధివైపు అరుగు, అరుగుపై బాగుగా ముందునకు వంగిన గూనపెంకుల చూరు, నడుమ ఆకాశము కనబడు భవంతి, చుట్టును అర్రలు. మందపుగోడ యెండను లోనికి చేరనిచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. భవంతిలోని వేడిగాలి పైకి పోవును. అర్రలలోనికి క్రొత్తగాలి దిగును. ఉట్నూరు మిట్టలపై గోండులు, కొలాములు వెదురుతడికకు మట్టి మెత్తి కట్టు గోడయు ఆ యెండను, ఆ చలిని ఎఱిగి కట్టినదే. అరుగు బాటసారికి కూర్చుండ చోటిచ్చెడిది, ముసలివారికి లోకమును చూపెడిది. దాని స్థానమున నేడు ఆఱడుగుల ప్రహరిగోడయు, దానిపై గాజుపెంకులును వెలసినవి.

ఇట్లన్నంతమాత్రమున గడీల కాలము బాగుండెనని మేమనుట లేదు. దొరల గడీలు వెట్టివారి చెమటతో లేచినవి; ఆ గోడల చల్లదనమును పొగడువారు వానిని మోసిన వీపులను మఱువరాదు. పాత పెంకుటింటిలో వంటింటి పొగకు ఆడువారి కన్నులు పోయినవి, తేళ్లు రాలినవి, ఏటేట పెంకులు సర్దించు ఖర్చు తప్పలేదు. కొందఱకు అరుగుపై కూర్చుండు నధికారమే యుండెడిది కాదు. స్లాబు, కుళాయి, ఇంటిలోనే మరుగుదొడ్డి, వెలుతురుగల వంటిల్లు వచ్చుట మేలే. మేము తప్పుపట్టునది ఈ మేళ్లను కాదు; వానికయి దాచిన డబ్బులో ఇంటికి తగిలించు పటాటోపము మ్రింగివేయు భాగమును.

1905లో జిల్లా కేంద్రము ఎలగందులనుండి కరీంనగరునకు మారెను. ఆ యేటనే వంగదేశమున స్వదేశోద్యమము పుట్టెను. ఈ రెంటికిని సంబంధము లేదు. కాని మన యిండ్లను చూచినప్పుడు ఆ రెండవ సంగతి జ్ఞప్తికి రాకమానదు. కరీంనగరు చుట్టుపట్ల గుట్టలను కోసి తీసిన గోధుమవన్నె గ్రానైటు "ట్యాన్ బ్రౌన్" అను పేర దేశదేశములకు పోయినది. చైనాకు దిమ్మెలు దిమ్మెలుగా ఓడలెక్కినది. ఆ గుట్టల నీడలో నున్న యిండ్లకు మాత్రము గుజరాతులోని మోర్బీనుండి రాతిబొమ్మ అచ్చువేసిన టైల్సు వచ్చి అంటుకొనుచున్నవి. టేకడవుల జిల్లాయైన ఆదిలాబాదులో అలమారలకు టేకుచారలు అచ్చువేసిన కాగితపు పలకలు! (అడవి తరిగి టేకు ప్రియమైనది, మిగిలినదానిని కాపాడవలెననుట నిజమే, అట్లయిన సాదాపలకకు సాదారంగు వేసికొనుట నామోషీయా?) నిర్మల చిత్రకారులు చేరువనే యుండగా గోడకు జలపాతముల 3డి కాగితము. మోర్బీయు మన దేశమే. వారి పరిశ్రమపై మాకు ద్వేషము లేదు. స్వదేశి యనగా సరకు ఏ యూరిదను ప్రశ్నతో ముగియదు. దానిపై పడు నెండ ఏ యూరిదో కూడ చూడవలెను.

ఇక అల్యూమినియపు రేకుల విషయము. ఇది అందచందముల ప్రశ్న మాత్రమే కాదు. ఏసీపీ అని మనవారు పిలుచు పలకలో రెండు పలుచని రేకుల నడుమ, చౌకరకములందు, పాలిఎథిలీను అను ప్లాస్టిక్ ఉండును. అది మండును. 2017 జూన్ 14న లండను నగరమున 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ భవనమున నాలుగవ అంతస్తులోని యొక వంటింటి ఫ్రిజ్జునుండి పుట్టిన నిప్పు ఇట్టి పలకలనంటుకొని భవనమంతయు ప్రాకెను. 72 మంది మరణించిరి. మంటలట్లు వ్యాపించుటకు ఆ పలకలే ముఖ్యకారణమని 2019లో విచారణసంఘము తేల్చెను. పాతభవనమునకు కొత్తముఖము పెట్టు పనిలో తొడిగిన పలకలవి. మన యిండ్లు రెండంతస్తులవే గదా యని తేలికగా తీసిపుచ్చరాదు. బజారులోని దుకాణములు, ఆసుపత్రులు, కోచింగు కేంద్రములు ఒకే యిఱుకుమెట్లతో పైకి లేచి, కిటికీలను సైతము ఈ రేకులతో మూసికొనుచున్నవి. పురపాలకులు అనుమతిపత్రములో అంగుళములు కొలుచుచున్నారు. ముందఱ తొడిగిన రేకు మండునదా, మండనిదా యని అడిగినట్లు కనబడదు.

"డబ్బు నాది, ఇల్లు నాది, మీ కేమి?" అందురు. ఇంటియజమాని ఏసీ వెలికి విసరు వేడి ప్రక్కయింటి కిటికీలో పడుచున్నది. రేకుల నిప్పు హద్దురాళ్లను చూచి ఆగదు. అంతకన్న పెద్దమాట వేఱొకటి కలదు. కలవాడు వినోదమునకు చేసినది లేనివానికి మర్యాదయై కూర్చుండును. మగ్గముల కార్మికుడు సైతము పిల్ల పెండ్లినాటికి ఇంటి ముఖము మార్చకున్న వియ్యంకులు చులకన చేయుదురని నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుచున్నాడు. ఈ మర్యాదను పుట్టించినవారు చదువుకొన్న పట్టణవాసులు, అనగా ఈ పత్రిక చదువువారే.

మార్గము లేదా? కలదు, కొత్తదియు కాదు. 2007లో మరణించిన లారీ బేకర్, పుట్టుకచే నాంగ్లేయుడైనను కేరళమున స్థిరపడి, జీవితమంతయు చౌకయిండ్లు కట్టెను. ఇటుకను పక్కపై నిలిపి నడుమ ఖాళీ విడిచి పేర్చు పద్ధతిచే సుమారు నాలుగవవంతు ఇటుక మిగులును. ఆ ఖాళీయే వేడిని అడ్డగించును. స్లాబు క్రిందిభాగమున కాంక్రీటుకు పని తక్కువగనుక అచట పెంకులు పొదిగినయెడల సిమెంటు మిగులును, గది చల్లబడును. మన కుమ్మరుల గూనపెంకునకు ఇంతకన్న గౌరవమైన కొలువు దొరకునా? కేంద్రప్రభుత్వము 2018లో నివాసగృహముల గోడలగుండ వచ్చు వేడికి హద్దు నిర్ణయించుచు "ఎకో నివాస్ సంహిత"ను ప్రకటించెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను. మిద్దెపై తెల్లనిపూత వేయుటకు ఎలివేషను ఖర్చులో నెన్నవవంతు పట్టునో మేస్త్రీని అడిగి తెలిసికొనవచ్చును. కాని ఆ తెలుపు వీధిలోనివారికి కనబడదు గదా! అదియే దాని దౌర్భాగ్యము.

ఈ యేడు ముగ్గు పోయనున్నవారికి మా మనవి యొకటి. రంగులబొమ్మ తెరిపింపకమునుపే ఇంజనీరును మూడు సంగతులు అడుగుడు: పడమటి గోడకు సజ్జ యెంత వెడల్పు? మధ్యాహ్నము మూడుగంటలకు పరుండు గదిపై నీడ యెచటినుండి వచ్చును? కరెంటు పోయిన రాత్రి ఏ కిటికీనుండి గాలి వచ్చి ఏ కిటికీనుండి పోవును? ఈ మూటికి కాగితముపై గీచి చూపలేనివానికి బయానా ఇవ్వకుడు.