డాక్టర్ గారికి తెలియకపోతే కేసు వెయ్యొచ్చా?

ఒకప్పుడు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చుట్టాలు అడిగే ప్రశ్నలు రెండే. ఏమైందంట? ఏ హాస్పిటల్లో చూపిస్తున్నారు? ఇప్పుడు వాటికి మూడోది కూడా తోడైంది. కేసు వెయ్యలేదా? పేషెంట్ ఇంకా సెలైన్ ఎక్కించుకుంటూనే ఉంటారు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి మాత్రం ఒక లాయర్ నంబర్ వచ్చేస్తుంది.

ఆ మూడో ప్రశ్న పోయినేడాది మా ఇంటికీ వచ్చింది. మా అక్కది తెనాలి, ప్రైవేట్ స్కూల్లో టీచర్. కడుపు నొప్పి, సాయంత్రమైతే జ్వరం, తిన్నది ఇమడదు. గ్యాస్ అనుకుని రెండు నెలలు మాత్రలు మింగింది. తర్వాత పెద్ద హాస్పిటల్‌కి వెళ్తే కొలనోస్కోపీ చేసి, చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే చోట పుండ్లున్నాయన్నారు. పేగు టీబీ అని మందులు మొదలుపెట్టారు. "టీబీనే అమ్మా, ఆరు నెలలు వాడితే పూర్తిగా తగ్గిపోతుంది" అని డాక్టర్ గారు భరోసా ఇచ్చారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దని కూడా చెప్పారు. మూడు నెలలు వాడింది. నొప్పి అలాగే ఉంది. ఏడు కిలోలు తగ్గింది. వాంతులు మొదలయ్యాయి, లివర్ టెస్టులో నంబర్లు పెరిగాయి. స్కూల్లో జీతం లేని సెలవు. హైదరాబాద్ తీసుకొచ్చి ఇంకో గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపిస్తే, మళ్లీ కొలనోస్కోపీ చేసి, ఇది క్రోన్స్ అన్నారు. మా ఇంట్లో ఆ పేరు వినడం అదే మొదటిసారి. అమ్మ ఇప్పటికీ 'క్రోను జబ్బు' అనే అంటుంది.

"చూశావంట్రా, తప్పుడు మందులిచ్చి మూడు నెలలు పిల్లని మాడ్చారు. వదలకూడదు" అన్నాడు మా బాబాయ్. ఆయన రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తాడు. కాగితం మీద పెడితే ప్రపంచంలో ఏదైనా తేలిపోతుందని ఆయన నమ్మకం.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఏదన్నా పాడైతే ముందు లాగ్స్ తెరిచి చూడటం అలవాటు. కాబట్టి అక్క ఫైలు తెరిచాను. మొదటి హాస్పిటల్ బయాప్సీ రిపోర్టు చివర ఒక వాక్యం ఉంది. టీబీ గానీ క్రోన్స్ గానీ కావచ్చు, 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' అని. ఈ రెండో ముక్క మీ ఇంట్లో ఉన్న రిపోర్టుల్లో కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. మా వల్ల ఇంతవరకే అవుతుంది, మిగతాది పేషెంట్‌ని చూసే డాక్టర్ తేల్చుకోవాలి అని ల్యాబ్ వాళ్లు మర్యాదగా చెప్పడం అన్నమాట.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మన దేశంలో ఈ రెండు జబ్బుల్నీ విడదీయడం నిజంగానే కష్టం. రెండూ ఎక్కువగా అదే చోట పుండ్లు పెడతాయి. నొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. మైక్రోస్కోప్ కింద కూడా చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. టీబీ క్రిమిని కల్చర్‌లో పెంచి చూడాలంటే వారాలు పడుతుంది, అప్పటికీ పేగు టీబీ ఉన్న చాలామందిలో అది దొరకదు. పోనీ ఊహించి మందులిద్దామంటే, క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇచ్చాక అది టీబీ అని తేలితే, ఆ టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. టీబీ మందులిచ్చాక క్రోన్స్ అని తేలితే పోయేది కాలం, కొంత లివర్. అందుకే అనుమానం ఉన్నప్పుడు ముందు టీబీ మందులు రెండు మూడు నెలలిచ్చి, మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయా లేదా చూడటం ఇక్కడి డాక్టర్లలో చాలామంది పాటించే పద్ధతే. హైదరాబాద్ డాక్టర్‌ని అడిగాను. "నా దగ్గరికి ముందు వచ్చి ఉంటే నేను కూడా బహుశా అవే మందులు ఇచ్చేవాణ్ని" అన్నారాయన.

బాబాయ్‌కి ఈ మాట నచ్చలేదు. "డాక్టర్లంతా ఒకటేరా" అన్నాడు. అందులో నిజం అసలు లేదనను.

సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌కీ వి.పి.శాంతకీ మధ్య నడిచిన కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఇవాళ వినియోగదారుల కమిషన్‌కి వెళ్లగలుగుతున్నామంటే దానికి దారి ఆ తీర్పే. ఆ దారి అవసరం కూడా. అనురాధా సాహా అనే ఆవిడ 1998లో అమెరికా నుంచి కోల్‌కతా వచ్చారు. ఒంటి మీద దద్దుర్లొస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మోతాదుకి ఎన్నో రెట్లు ఎక్కువగా ఇచ్చారు. ఆవిడ చనిపోయారు. భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టర్. పదిహేనేళ్లు పోరాడితే 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం, పైన వడ్డీ ఇప్పించింది. అక్కడ ప్రశ్న జబ్బేంటో తెలియలేదని కాదు, మందు ఎలా వాడాలో తెలిసి కూడా అలా వాడలేదని.

2005లో జాకబ్ మాథ్యూ కేసు తీర్పులో ఇంకో వైపు కనిపిస్తుంది. అంచనా తప్పినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు, ఆ కాలానికి వైద్యులు ఒప్పుకునే పద్ధతి పాటిస్తే చాలు అని కోర్టు చెప్పింది. క్రిమినల్ కేసయితే అంతకుమించిన, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి అని కూడా. చెప్పినంత మాత్రాన ఆగిందా అంటే లేదు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒకావిడ చనిపోతే, వైద్యం చేసిన గైనకాలజిస్ట్ మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆ డాక్టర్ ఆత్మహత్య చేసుకున్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఎంత జాగ్రత్తగా ఉన్నా రావచ్చు. ఇలాంటివి విన్న ఇంకో ఊరి డాక్టర్ కాస్త రిస్కున్న కేసు రాగానే 'గుంటూరు తీసుకెళ్లండి', 'విజయవాడ తీసుకెళ్లండి' అంటే, దారిలో ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

ఇక అక్క సంగతి. నన్నడిగితే టీబీ మందులివ్వడం నిర్లక్ష్యం కాదు. కానీ ఆ 'టీబీనే అమ్మా' అన్న మాట ఉంది చూశారూ, దాన్ని నేను అంత తేలిగ్గా వదలను. రిపోర్టులో రెండు పేర్లుంటే మాకు ఒకటే చెప్పారు. 'టీబీ అనుకుంటున్నాను, కాకపోవచ్చు కూడా, ఎనిమిది వారాల్లో తెలుస్తుంది, తగ్గకపోతే వెంటనే రండి' అనడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం దక్కి ఉంటే, మందులు సరిగ్గా వేసుకోలేదేమో, పథ్యం తప్పిందేమో అని అక్క తనని తాను తిట్టుకుంటూ మూడో నెల గడిపేది కాదు. బావ ఆమెని ఉప్మా విషయంలో కసురుకునేవాడు కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. చేసే వైద్యంతో పాటు దానికి ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు పేషెంట్‌కి చెప్పాకే ఒప్పుకోలు తీసుకోవాలంది. ఆ కేసులో మత్తులో ఉన్న కూతురి బదులు తల్లి సంతకం పెట్టింది, అది చెల్లదన్నారు.

'నాకు ఇంకా తెలియదు' అనడానికి డాక్టర్లు ఎందుకు జంకుతారంటే అందులో మన వాటా కూడా ఉంది. అలా అన్న డాక్టర్ బోర్డు కింద మనం రెండోసారి నిలబడం. గట్టిగా పేరు చెప్పే ఇంకొకర్ని వెతుక్కుంటాం. పైగా అది కాగితం మీద రాస్తే రేపు కోర్టులో తన మీదకే వస్తుందేమోనని వాళ్ల భయం. నిజానికి ఆ రాతే వాళ్లకి రక్ష.

ఉగాదికి లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కి తెనాలి వెళ్లాను. బాబాయ్ ఫైలుతో సహా వచ్చి కూర్చున్నాడు. ఏ కమిషన్, ఎంత పరిహారం అడగాలి, రెండేళ్లలోపు వెయ్యాలి, అంటూ గంట గడిచింది. అక్క గుమ్మానికి ఆనుకుని వింటోంది. "బాబాయ్, వచ్చినకాడ్నించి ఆ డాక్టర్ గురించే మాట్లాడతన్నారు. నేను పొద్దున్నించి ఏం తిన్నానో ఒక్కళ్లు అడిగారా?" అంది. అరుపేం కాదు, మామూలుగానే. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. బాబాయ్ ఫైలు మూసి, "ఏం తిన్నావే?" అన్నాడు. "ఇడ్లీ. సగం."

కేసు వెయ్యొద్దని ఆ రోజు అక్కే తేల్చింది. "నా విరోచనాల గురించి నలుగురు లాయర్లు వాదించుకోటం నాకొద్దు" అంది. జబ్బు ఆమెది, సిగ్గు ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే.

అయితే బాబాయ్ కాగితాల పిచ్చి వృథా పోలేదు. మొదటి హాస్పిటల్ వాళ్లు కేస్ షీట్ ఇవ్వడానికి నానుస్తుంటే, రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉందని ఆయనే దరఖాస్తు రాసిచ్చాడు. మూడో రోజు వచ్చాయి. కేసు కోసం కాదు, కొత్త డాక్టర్‌కి చూపించడానికి. ఇది కేసు ఆలోచన లేని వాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. రికార్డు మీద మీకు హక్కుంది, అడగడానికి గొడవ పడక్కర్లేదు.

మా ఆఫీసులో సిస్టమ్ పడిపోయిన మర్నాడు ఒక మీటింగ్ పెడతాం. దాన్ని పోస్ట్‌మార్టం అంటాం, హాస్పిటల్ గురించి రాస్తూ ఆ పేరు బాగోదనుకోండి. అందులో మొదటి ప్రశ్న ఎవరు చేశారని కాదు. ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పాం అని. అక్కకి ఒక రూళ్ల నోట్‌బుక్ కొనిచ్చాను. ప్రతిసారీ డాక్టర్ దగ్గర అడగడానికి పైన రాసిపెట్టినవి రెండే. ఇది కాకపోతే ఇంకేం కావచ్చు? ఈ మందు పనిచెయ్యడం లేదని మాకు ఎప్పటికి తెలుస్తుంది? మొదటిసారి అడిగినప్పుడు హైదరాబాద్ డాక్టర్ గారు కళ్లద్దాలు తీసి, కాసేపు ఆలోచించి జవాబు చెప్పారు. క్రోన్స్ అనేది కూడా నూటికి నూరు శాతం కాదట. మందులకి పేగు ఎలా మారుతుందో చూస్తూ పోవాలట. బావకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్క మాత్రం బాగానే పడుకుంది.

స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి ఇప్పుడు అజథయోప్రిన్ మీద ఉంది. రక్త పరీక్షలు మాటిమాటికీ చేయించాలి. పూర్తిగా పోయే జబ్బు కాదు, నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుంది. మూడు కిలోలు పెరిగింది, జూన్ నుంచి స్కూలుకి వెళ్తోంది. బాబాయ్ ఇంకా రెండేళ్ల గడువు లెక్కపెడుతూనే ఉన్నాడు కానీ, రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేసి ముందు టిఫిన్ సంగతి అడుగుతాడు. నోట్‌బుక్‌లో అక్క తన చేత్తో ఒక కొత్త ప్రశ్న రాసుకుంది, ఆవకాయ తినొచ్చా అని. అపాయింట్‌మెంట్ పద్దెనిమిదో తారీఖున.