లెక్క ఇంట్లో తెలుగులో చెప్పనివ్వండి



పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినే మాట: "మేడమ్, ఇంట్లో కూడా లెక్కలు ఇంగ్లీషులోనే చెప్పిస్తున్నాం." ఫీజు కట్టి ఇంగ్లీషు మీడియంలో చేర్పించినవాళ్లు అలా అనుకోవడం సహజమే. కానీ లెక్కల విషయంలో నేను ఒప్పుకోను.

రెగ్యులర్ పాలిగన్స్ పాఠమే తీసుకోండి. హెక్సాగన్ సైడ్ 8 సెంటీమీటర్లు, పెరీమీటర్ ఎంత అంటే చాలామంది 48 అని టక్కున రాసేస్తారు. అదే తిప్పి, "రెగ్యులర్ ఆక్టగన్ పెరీమీటర్ 96, సైడ్ ఎంత?" అని అడిగితే కొందరు 96ని 8తో గుణించి 768 అంటారు. చుట్టూ కలిపితేనే 96 ఉన్న బొమ్మకు ఒక్క భుజమే 768 ఎలా ఉంటుందన్న అనుమానం రాదు. వాళ్లకు ఎక్కాలు వచ్చు, భాగహారమూ వచ్చు. పెరీమీటర్ అన్నది మాత్రం ఇంకా ఒక ఫార్ములా పేరే.

అదే పిల్లవాడిని "చేను చుట్టూ కంచెకు తీగ ఎంత కావాలి?" అని అడగండి. మన జగ్గయ్యపేట, నందిగామ వైపు పత్తి, మిరప చేలు చూసిన పిల్లలు వెంటనే అందుకుంటారు. చుట్టుకొలత అన్న మాటలోనే అర్థం ఉంది మరి. గ్రీకులో పెరి అంటే చుట్టూ, మెట్రాన్ అంటే కొలత. ఇంగ్లీషులోకి వచ్చిందీ అదే అర్థం, కాకపోతే మన పిల్లలకు వినపడదు. షడ్భుజి, అష్టభుజి అన్నా అంతే, భుజాలెన్నో పేరే చెబుతుంది. (పరీక్షలో ఇంగ్లీషు పేర్లే రాయాలి, నిజమే. అవి నేర్పే బాధ్యత మాది.) మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఇస్తున్నారు. మనం దానికి మొహమాటపడటం ఎందుకు?

ఇంట్లో ఒక పని చేసి చూడండి. ముడి వేశాక చుట్టూ సరిగ్గా 60 సెంటీమీటర్లు వచ్చేలా పురికొస తీసుకోండి. సమానంగా మూడు వైపులా లాగితే ఒక్కో భుజం 20. నాలుగైతే 15, ఐదైతే 12, ఆరైతే 10. తాడు అదే, భుజాలు పెరిగేకొద్దీ ఒక్కోటి చిన్నదవుతోంది. అది కళ్లతో చూసిన పిల్లలకు భాగించాలని ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఆ తాడునే దీర్ఘచతురస్రంగా లాగండి. చుట్టుకొలత ఇప్పుడూ 60, కానీ 4తో భాగిస్తే ఏ భుజమూ రాదు. 'రెగ్యులర్' అన్న మాటను పిల్లలు చదవకుండా దాటేసేది ఇక్కడే. చతురస్రాన్ని పక్కకు వంచితే భుజాలు సమానమే, కోణాలు కావు. లెక్క కుదురుతుంది గానీ అది రెగ్యులర్ కాదు. చురుకైనవాళ్లను అడిగి చూడండి, బాగా వాదిస్తారు.

చిల్లకల్లు మీదుగా హైవేలో వెళ్లేటప్పుడు ఎక్కడైనా ఎర్రటి స్టాప్ బోర్డు కనబడితే భుజాలు లెక్కపెట్టమనండి. ఒక్క అంచు తెలిస్తే చుట్టూ ఎంతో ఎలా చెబుతావని అడగండి.

వచ్చే టెస్టులో తిప్పి అడిగే లెక్క ఒకటి ఇస్తాను. ఈలోపు పిల్లలు తెలుగులోనో, రెండూ కలిపో వివరిస్తుంటే మధ్యలో "ఇంగ్లీషులో చెప్పు" అని ఆపకండి. జవాబు 768 వస్తే కోప్పడకుండా, "చుట్టూ తిరిగొస్తే 96 కదా నాన్నా?" అని అడిగి, కాసేపు వాళ్లను ఆలోచించుకోనివ్వండి.