కొత్త రైడ్ కంటే ముందు స్టాప్‌వాచ్!

థీమ్ పార్క్‌కి జనం పెరిగితే ‘ఇంకో రైడ్ కట్టండి’ అనేస్తాం. ముందు లెక్క చూద్దాం. 24 సీట్ల రోలర్ కోస్టర్ రైలు నిమిషానికొకటి బయల్దేరితే గంటకు 1,440 మంది ఎక్కుతారు. జనాన్ని ఎక్కించడం ఆలస్యమై 90 సెకన్లకొకటి కదిలితే? 960 మందే! రైడ్ అదే, కానీ గంటకు 480 మంది క్యూలోనే ఉండిపోతారు.

డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ తెచ్చింది. టైమ్ స్లాట్లతో జనాన్ని సర్దింది కానీ, రైడ్‌లో ఒక్క సీటూ పెరగలేదు. కొందరు ముందుకెళ్తే మిగతావాళ్లు వెనక్కి. అదే డిస్నీ 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో బండ్లు వరుసగా కదులుతూనే ఉంటాయి, జనం ఎక్కుతూనే ఉంటారు. నా దృష్టిలో అసలైన ఇంజినీరింగ్ ఇదీ.

‘సర్వర్‌పై లోడ్ పెరిగితే ఏం చేస్తావ్?’ అని నా మొదటి ఇంటర్వ్యూలో అడిగారు. ‘ఇంకో సర్వర్ పెడతా సార్’ అన్నా. ఉద్యోగం రాలేదు. ‘ఎక్కడ ఆగుతోందో ముందు కొలుస్తా’ అనాల్సింది. ఉన్న రైడ్ పూర్తి వేగంతో నడిచినా క్యూ తగ్గకపోతే, అప్పుడు కొత్తది కట్టాల్సిందే. ఈ వరుస మాత్రం తప్పొద్దు, ఫ్రెండ్స్.