మంత్రి ఆదేశం రాతలో ఉండాలి

మంత్రి ఒక పని చేయమన్నప్పుడు అది చట్టానికో ప్రజాధనానికో చేటని అధికారి భావిస్తే ఏం జరగాలన్న ప్రశ్నకు చాలా ప్రజాస్వామ్య దేశాలు తమతమ పద్ధతుల్లో స్పష్టమైన సమాధానం ఏర్పరచుకున్నాయి. భారతదేశం మాత్రం నియమావళిలో ఒక సమాధానం రాసిపెట్టుకుని, సచివాలయాల్లో మరొక సమాధానంతో నడుస్తోంది. మౌఖిక ఆదేశంపై ఫైలు కదిలే ఈ పద్ధతికి చట్టబద్ధంగా ముగింపు పలకాలి. మంత్రి నిర్ణయం మంత్రి సంతకంతో, అధికారి అభ్యంతరం అధికారి సంతకంతో నమోదు కావాలి.

ఈ విషయంలో బ్రిటన్ అనుసరిస్తున్న పద్ధతిని వివరంగా పరిశీలించాలి. అక్కడ ప్రతి శాఖలోనూ పర్మనెంట్ సెక్రటరీ, అంటే ప్రభుత్వాలు మారినా కొనసాగే అత్యున్నత ఉద్యోగి, ఆ శాఖకు అకౌంటింగ్ ఆఫీసర్‌గా కూడా వ్యవహరిస్తారు. 1866 నాటి ఖజానా, ఆడిట్ చట్టంలో మూలాలున్న ఈ హోదా వల్ల, శాఖ ఖర్చు చేసిన సొమ్ముకు ఆ అధికారి స్వయంగా పార్లమెంటుకు జవాబుదారీ అవుతారు. మంత్రి కోరిన ఖర్చుకు చట్టపరమైన అధికారం లేదని గాని, అది ప్రభుత్వ నడవడికి తగదని గాని, పెట్టిన సొమ్ముకు తగిన ఫలితం రాదని గాని, అనుకున్న గడువులో అమలు సాధ్యం కాదని గాని ఆ అధికారి భావిస్తే, లిఖితపూర్వక ఆదేశం ఇవ్వమని మంత్రిని కోరవలసి ఉంటుంది. మంత్రి ఆదేశమిస్తే అధికారి దాన్ని అమలు చేస్తారు. ఆ నిర్ణయపు బాధ్యత అక్కడితో మంత్రికి బదిలీ అవుతుంది. ఆ పత్రాలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు, పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీకి చేరతాయి.

ఈ ఏర్పాటు విలువ పెర్గావు ఉదంతంలో తేటతెల్లమైంది. మలేసియాలోని పెర్గావు నది మీద జలవిద్యుత్ ఆనకట్టకు బ్రిటన్ తన విదేశీ సహాయ నిధి నుంచి 23.4 కోట్ల పౌండ్లు ఇవ్వాలన్న ప్రతిపాదన ఆర్థికంగా దండగమారిదని సహాయ విభాగపు నిపుణులు తేల్చగా, ఆ విభాగాధిపతి టిమ్ లాంకెస్టర్ 1991లో తన అభ్యంతరాన్ని రాతలో పెట్టి లిఖిత ఆదేశం కోరారు. విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ ఆదేశమిచ్చారు, సొమ్ము మంజూరైంది. అయితే ఆ అభ్యంతరం ఫైల్లో ఉన్నందువల్లనే 1993లో జాతీయ ఆడిట్ కార్యాలయం దాన్ని బయటపెట్టగలిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కడంతో 1994లో హైకోర్టు ఆ సహాయం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. శరణార్థులను రువాండాకు తరలించే పథకం విషయంలో కూడా, అది ఖర్చుకు తగిన ఫలితమిస్తుందనడానికి ఆధారం చాలదని హోం శాఖ పర్మనెంట్ సెక్రటరీ 2022 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా తెలిపారు. మంత్రి ప్రీతి పటేల్ లిఖిత ఆదేశమిచ్చి ముందుకు సాగారు. ఆ రెండు లేఖలనూ ప్రభుత్వమే ప్రచురించింది. లిఖిత ఆదేశం తప్పుడు నిర్ణయాన్ని ఆపలేదన్నది నిజమే గాని, ఆ నిర్ణయం ఎవరిదో ఎవరూ దాచలేకపోయారన్నది అంతకంటే ముఖ్యమైన నిజం.

బ్రిటన్ పద్ధతి ప్రధానంగా ప్రజాధనం చుట్టూ అల్లుకోగా, జర్మనీ న్యాయబద్ధతను కేంద్రంగా చేసుకుంది. అక్కడి ఉద్యోగి తన ప్రతి అధికారిక చర్యకూ, దాని చట్టబద్ధతకూ వ్యక్తిగతంగా బాధ్యుడు. పై అధికారి ఆదేశం చట్టవిరుద్ధమని సందేహం కలిగితే వెంటనే ఆ అధికారికి, అక్కడ ఫలితం లేకపోతే అంతకు పై అధికారికి చెప్పడం ఆయనకు హక్కే కాదు, విధి కూడా. పై స్థాయి ఆ ఆదేశాన్ని ధ్రువీకరిస్తే ఉద్యోగి దాన్ని పాటించాలి, అప్పుడు ఆయన సొంత బాధ్యత తొలగిపోతుంది, కోరినప్పుడు ఆ ధ్రువీకరణను రాతలో ఇచ్చి తీరాలి. ఆదేశం శిక్షార్హమైన నేరమైనా, మానవ గౌరవాన్ని భంగపరచేదైనా ఎవరు ధ్రువీకరించినా పాటించకూడదు. ఇక స్వీడన్, ఒక వ్యక్తిపై అధికారం వినియోగించే కేసులోనో చట్టాన్ని వర్తింపజేసే విషయంలోనో ప్రభుత్వ సంస్థ ఎలా నిర్ణయించాలో మంత్రులు గాని పార్లమెంటు గాని నిర్దేశించరాదని రాజ్యాంగంలోనే రాసుకుంది.

భారతదేశంలో నియమం లేకపోలేదు. 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోని మూడో నియమం ప్రకారం పై అధికారి ఆదేశం సాధారణంగా లిఖితంగానే ఉండాలి, మౌఖికంగా చెప్పక తప్పనప్పుడు వెంటనే రాతలో ధ్రువీకరించాలి, ఆ ధ్రువీకరణను కింది అధికారి అడిగి తీసుకోవాలి. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌తో పాటు 82 మంది వేసిన వ్యాజ్యంలో 2013 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని రాజకీయ కార్యనిర్వాహకులకూ విస్తరించింది. మౌఖిక ఆదేశాలపై పనిచేస్తే సమాచార హక్కు చట్టం కింద పౌరులకున్న హక్కు నిరర్థకమవుతుందని స్పష్టం చేసింది. అయినా ధ్రువీకరించని మంత్రిపై ఏ చర్య ఉంటుందో ఏ నియమమూ చెప్పదు. ధ్రువీకరణ కోరిన అధికారికి ఏ రక్షణ ఉంటుందో కూడా చెప్పదు. పేషీ నుంచి వచ్చిన ఫోనుకు కాగితం అడిగిన అధికారికి సాధారణ పరిపాలన శాఖలో రిపోర్టు చేయాలన్న బదిలీ ఉత్తర్వు అందే అవకాశం ఉన్నంతకాలం, ఆ నియమం పుస్తకంలోనే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ లోపం ఖరీదు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూములు, గనుల కేటాయింపులకు సంబంధించిన జీవోలపై సీబీఐ విచారణ జరిగినప్పుడు, 2011-12లో ఐఏఎస్ అధికారులు అరెస్టయ్యారు. నిర్ణయం మంత్రివర్గానిదా, మంత్రిదా, ఉత్తర్వుపై గవర్నర్ పేరిట సంతకం చేసిన కార్యదర్శిదా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఎందుకు అభ్యంతరపెట్టారో ఫైలే చెప్పే పద్ధతి ఉంటే నిజాయతీపరుడైన అధికారి బయటపడడానికీ, తప్పు చేసినవారు దొరకడానికీ అన్నేళ్లు పట్టనవసరం లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసినప్పుడు, వెలువడిన ఉత్తర్వును చూసే వీలు కూడా పౌరులకు సన్నగిల్లింది. 1766లోనే ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును పౌరులకు చట్టంగా ఇచ్చిన స్వీడన్‌తో పోల్చినప్పుడు ఆ నిర్ణయం ఎంత వెనకడుగో అర్థమవుతుంది.

ప్రతి ఆదేశానికీ కాగితం అడిగితే పని కుంటుపడుతుందన్న వాదన నిలవదు. తుపాను ముంచుకొచ్చినప్పుడు కలెక్టర్ మౌఖిక ఆదేశంపైనే కదలాలి, ఆ తర్వాత నిర్ణీత గంటల్లో దాన్ని రాతలో పెట్టుకోవచ్చు. కోవిడ్ వేళ 2020లో బ్రిటన్ మంత్రులు సాధారణ సంవత్సరాల కంటే చాలా ఎక్కువ లిఖిత ఆదేశాలు ఇచ్చారు. సహాయ పథకాలు ఆగలేదు. ఎన్నికైన ప్రభుత్వం మాటే చెల్లాలి కదా అన్న వాదనలో న్యాయముంది, కానీ లిఖిత ఆదేశం ఆ మాటను చెల్లనిస్తుంది, దానికి పేరు మాత్రమే చేరుస్తుంది. ప్రజల ఓటుతో వచ్చిన అధికారాన్ని వినియోగించే మంత్రి, ఆ వినియోగం కింద సంతకం పెట్టడానికి వెనకాడవలసిన కారణం కనిపించదు.

రాజ్యాంగంలోని 309వ అధికరణ కింద పార్లమెంటు సమగ్రమైన సివిల్ సర్వీసుల చట్టం చేసే వరకూ తన మార్గదర్శకాలు అమలు కావాలని సుప్రీంకోర్టు ఆ 2013 తీర్పులోనే చెప్పింది. ఆ చట్టం కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎదురుచూడనక్కరలేదు. 166వ అధికరణ కింద గవర్నర్ జారీ చేసే కార్యనిర్వహణ నియమాలను సవరించి, మౌఖిక ఆదేశాన్ని 48 గంటల్లో సంబంధిత మంత్రి లిఖితంగా ధ్రువీకరించాలని, లేనిపక్షంలో అది చెల్లదని నిర్దేశించవచ్చు. రాష్ట్రోద్యోగుల ప్రవర్తనా నియమాల్లో, అభ్యంతరం నమోదు చేసి లిఖిత ఆదేశంపై పనిచేసిన ఉద్యోగిపై ఆ నిర్ణయం కారణంగా శాఖాపర చర్య ఉండదని, నేరపూరితమైన ఆదేశానికి మాత్రం ఈ రక్షణ వర్తించదని చేర్చవచ్చు. ఖర్చుకు సంబంధించిన ప్రతి లిఖిత ఆదేశాన్నీ కాగ్‌కు, శాసనసభ ప్రజా పద్దుల కమిటీకి పంపాలి. అభ్యంతరం తెలిపిన అధికారిని ఆరు నెలల్లోపు బదిలీ చేయాల్సివస్తే, బదిలీలపై సిఫారసులు చేసే సివిల్ సర్వీసుల బోర్డు కారణాలను రాసి ప్రకటించాలి. రెండు మంత్రివర్గాలూ ఈ సవరణలను వచ్చే బడ్జెట్ సమావేశాల్లోపే ఆమోదించి గవర్నర్లకు పంపాలి.