మాక్స్‌వెర్షన్ అంకె మార్చే ముందు ఒక్క నిమిషం

మొన్నామధ్య మా టీములో ఒక కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు. "అన్నా, లినక్సు అప్‌గ్రేడ్ చేశాను. దాంతో థండర్‌బర్డ్ కూడా కొత్తదయింది. క్యాలెండరు కోసం పెట్టుకున్న ఆడాన్ ఈ వెర్షనుకి సరిపడదంటోంది. లోపల ఎక్కడో ఒక అంకె మారిస్తే ఎక్కేస్తుందట కదా, అదెక్కడో చెప్పవా?" అన్నాడు.

అదెక్కడో నాకు బాగా తెలుసు. ఎంత బాగా తెలుసంటే, ఒకసారి అది మార్చినందుకు మా నాన్నని జనవరి చలిలో సికింద్రాబాదు స్టేషన్లో రెండున్నర గంటలు కూర్చోబెట్టాను. వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను. మనలో ఈ అంకెల జబ్బు ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి.

అది 2010 జనవరి. థండర్‌బర్డ్ 3.0 అంతకు ముందు నెలలోనే వచ్చింది. కొత్తది వచ్చాక పాతదాంతో సర్దుకుపోతే మనం ఇంజనీర్లం ఎలా అవుతాం? ఉబుంటు 9.10 తాజాగా ఎక్కించి, డిస్ట్రో ఇచ్చే థండర్‌బర్డ్ 2ని పక్కకి నెట్టి, సైటు నుంచి 3.0 దించుకుని, పాత ప్రొఫైలు ఫోల్డరు అలాగే తెచ్చి పెట్టాను. మెయిళ్ళన్నీ చక్కగా వచ్చాయి. క్యాలెండరు మాత్రం రాలేదు. అప్పట్లో థండర్‌బర్డ్‌లో క్యాలెండరు ఉండేది కాదు, లైట్నింగ్ అనే ఆడాన్ విడిగా వేసుకోవాలి. నా దగ్గరున్నది లైట్నింగ్ 0.9, అది థండర్‌బర్డ్ 2 కోసం కట్టింది. 3.0 దాన్ని చూసి "సరిపడదు" అని బూడిదరంగు వేసి మూలన కూర్చోబెట్టింది. 3.0కి సరిపడే 1.0 బీటాల వరస ఒకటుంది. కానీ "బీటా ఎవడు వాడతాడు" అనుకున్నాను. పనిచెయ్యని దాన్ని బలవంతంగా నడపడం కన్నా బీటా మేలని ఆ రోజు తట్టలేదు :)

ఆ రోజుల్లో ప్రతి ఆడాన్‌లోనూ ఇన్‌స్టాల్ డాట్ ఆర్‌డీఎఫ్ అని ఒక ఫైలుండేది. అందులో ఇది ఏ సాఫ్టువేరు కోసం, ఏ వెర్షను నుంచి ఏ వెర్షను దాకా పనిచేస్తుందో రాసుండేది. మొదటిది మిన్‌వెర్షన్, రెండోది మాక్స్‌వెర్షన్. నేను ఆ ఫైలు తెరిచి మాక్స్‌వెర్షన్‌లో 2 తీసి 3 పెట్టాను. థండర్‌బర్డ్ మూసి తెరిచాను. లైట్నింగ్ ఎక్కేసింది! మెనూలో క్యాలెండరు పేరొచ్చింది, పక్కన బొమ్మలొచ్చాయి. కాలరెగరేసి పనిలో పడ్డాను. లోపలికెళ్ళి ఒక్క తేదీ కూడా నొక్కి చూడలేదు.

రెండు వారాల తరువాత శనివారం తెల్లవారుజామున ఐదింటికి నాన్న తెనాలి నుంచి సికింద్రాబాదులో దిగాలి. కంటి ఆపరేషనయి నెల, చెకప్‌కి తీసుకెళ్ళాలి. ఆయన టికెట్టు కొన్న రోజునే, అంటే అప్‌గ్రేడ్‌కి ముందే, శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి గుర్తుచెయ్యమని లైట్నింగ్‌లో పెట్టేసి నిశ్చింతగా ఉన్నాను. శుక్రవారం రాత్రి రెండింటి దాకా క్లయింటు కాల్. రైలెక్కేటప్పుడు నాన్న చేసిన ఫోను ఆ కాల్లో ఉండి తియ్యలేదు, తరువాత చూసుకోనూ లేదు. రిమైండరు రాలేదు. రాకపోయేసరికి రేపు ఏమీ లేదనుకుని పడుకున్నాను.

ఏడున్నరకి ఫోన్ మోగింది. "లేచావా నాన్నా? తొందరేం లేదులే, నేను స్టేషన్లోనే కూర్చున్నా. రాత్రంతా పని చేసుంటావు, నిద్ర పాడుచెయ్యడం ఎందుకని ఇంతసేపూ చెయ్యలేదు" అన్నారు.

నేను వెళ్ళేసరికి నల్లద్దాలు పెట్టుకుని, శాలువా కప్పుకుని, బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు. చెకప్ టైము దాటిపోయింది, మళ్ళీ సోమవారం రమ్మన్నారు. ఆయన ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం థండర్‌బర్డ్ ముందు కూర్చుని క్యాలెండరు తెరిస్తే నెలంతా తెల్లగా ఉంది. ఒక్క ఈవెంటూ లేదు. కొత్తది రాద్దామంటే ఓకే నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎర్రర్ కన్సోలు తెరిస్తే వరసగా ఎర్రర్లు, లైట్నింగ్ తన సొంత కాంపొనెంట్లనే కనుక్కోలేకపోతోంది.

లైట్నింగ్ పైకి కనిపించేదంతా ఎక్స్‌యూఎల్, జావాస్క్రిప్టు. కానీ తేదీలు లెక్కకట్టడం, ఐక్యాలెండర్ ఫైళ్ళు చదవడం లాంటి అసలు పనంతా సీప్లస్‌ప్లస్‌లో రాసి కంపైల్ చేసిన ఒక షేర్డ్ లైబ్రరీలో ఉండేది. దాని మీద ఎల్‌డీడీ నడిపితే 'లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ 5 దొరకలేదు' అని వచ్చింది. పాత సిస్టమ్‌లో ఆ లైబ్రరీ ఎప్పుడో వేసుకుని మర్చిపోయాను, తాజా ఉబుంటులో అది లేదు. సరే, దొరికిందే దొంగ అనుకుని ఆ పాత లైబ్రరీ వెతికి తెచ్చి వేశాను. అయినా క్యాలెండరు తెల్లగానే ఉంది. ఎందుకంటే దొంగలు ఇద్దరు. థండర్‌బర్డ్ 2 లోపల ఉన్నది గెకో 1.8 వరస, 3.0లో ఉన్నది గెకో 1.9.1. పాత గెకో కోసం కంపైల్ చేసిన లైబ్రరీ కొత్తదాంట్లో ఎక్కదు. దానికి నేను మార్చిన అంకెతో పనే లేదు. చివరికి బుద్ధిగా 1.0 బీటాయే వేసుకున్నాను. పోయాయనుకున్న ఈవెంట్లన్నీ పాత డేటా ఫైల్లోంచి నడుచుకుంటూ వచ్చేశాయి, నాన్న రైలుతో సహా.

ఇందులో తప్పు థండర్‌బర్డ్‌ది కాదు, లైట్నింగ్‌ది అసలే కాదు. "ఇది పనిచెయ్యదు" అని అది మర్యాదగా చెప్పింది. ఆ నోరు నొక్కింది నేను.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. సాఫ్టువేరు రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి గోలపెట్టి చెడటం: ఎర్రరు చూపిస్తుంది, తెరుచుకోదు, క్రాషవుతుంది. రెండోది నోరు మూసుకుని చెడటం. మెయిలు రాకపోతే గంటలో తెలిసిపోతుంది, ఎవడో ఒకడు "మెయిల్ చూశావా" అని అడుగుతాడు. రిమైండరు రాకపోతే అది పాడైందని ఎవరికీ తెలీదు, ఆ రోజు పనేమీ లేదనుకుంటాం. క్యాలెండరు పాడవడం అంటే అదీ. వెర్షను తనిఖీ చేసే పని, రెండో రకం చావుని మొదటి రకంలోకి మార్చడం. మనం ఆ అంకె మార్చినప్పుడు కొత్తగా బాగుచేసేది ఏమీ లేదు, గోలపెట్టే చెడుని తీసి నోరుమూసుకునే చెడుని తెచ్చుకుంటున్నాం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

"అదేంటండీ, నేను చాలాసార్లు మార్చాను, చక్కగా పనిచేశాయి" అంటారా? నిజమే, కాదనను. చాలా ఆడాన్ల విషయంలో ఆ అంకె వట్టి లాంఛనం. తయారుచేసినతను కొత్త వెర్షనుతో పరీక్షించే తీరిక లేక పాత అంకె వదిలేసి ఉంటాడు. మొజిల్లా వాళ్ళకీ ఇది తెలుసు. అందుకే 2012 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 10 నుంచి, మాక్స్‌వెర్షన్ దాటినా ఆడాన్ పనిచేస్తుందనే అనుకోవడం మొదలుపెట్టారు. కానీ ఒక మినహాయింపు పెట్టారు చూడండి: లోపల కంపైల్ చేసిన బైనరీ ఉన్నవాటికి ఈ సడలింపు వర్తించదు. అంటే అంకె మార్చొచ్చా కూడదా అన్నది అంకెని బట్టి కాదు, దాని వెనక ఏముందన్నదాన్ని బట్టి. మెయిల్ రంగు మార్చే చిన్న స్క్రిప్టయితే మార్చి చూడండి, మహా అయితే రంగు మారదు. మీ టైము, మీ మందులు, మీ నాన్న రైలు దాని చేతిలో ఉంటే మాత్రం వద్దు.

ఆఫీసులో మనం ఇలా చేస్తామా? ఏ డేటాబేసు ఏ వెర్షను మీద నడుస్తుందో పట్టిక చూసుకోకుండా ప్రొడక్షన్ మీద చెయ్యి వెయ్యం. వేస్తే మర్నాడు మీటింగులో నిలబెడతారు. ఇంటికొచ్చి లినక్సు ముందు కూర్చునేసరికి మాత్రం ఎక్కడలేని వీరత్వం వచ్చేస్తుంది. ఇంట్లో మనల్ని నిలదీసేవాళ్ళు లేరు కదా. బెంచీ మీద మాట్లాడకుండా కూర్చునేవాళ్ళే ఉన్నారు.

ఇక ఇప్పటి సంగతి. లైట్నింగ్ ఇప్పుడు విడి ఆడాన్ కాదు. 2015లో థండర్‌బర్డ్ 38తో కలిపే ఇవ్వడం మొదలుపెట్టారు, 2020లో వచ్చిన 78 నుంచి క్యాలెండరు థండర్‌బర్డ్‌లో భాగమే అయిపోయింది. ఆ జంటకి వెర్షను గొడవ పోయింది. కానీ క్యాలెండరు చుట్టూ వేసుకునే ఇతర ఆడాన్లకి పోలేదు. పాత ఎక్స్‌యూఎల్ తరహా ఆడాన్లన్నీ ఆ 78తోనే ఆగిపోయాయి. ఇప్పటి ఆడాన్లలో మానిఫెస్ట్ ఫైలు, అందులో స్ట్రిక్ట్ మాక్స్ వెర్షన్. పేరు మారింది, అంకె అదే. మామూలు ఏపీఐలు మాత్రమే వాడేవాటికి భయం తక్కువ. ఎక్స్‌పెరిమెంట్ అనే పద్ధతిలో థండర్‌బర్డ్ లోపలి భాగాల్ని నేరుగా తాకేవి మాత్రం వెర్షను మారినప్పుడల్లా విరగొచ్చు. మా కుర్రాడిది ఆ రకమే.

లినక్సు మీద క్యాలెండరు మొరాయిస్తే నేను చూసే వరస ఇది:

1. ముందు డేటా. థండర్‌బర్డ్ మూసేసి ప్రొఫైలు ఫోల్డరు మొత్తం ఇంకోచోటికి కాపీ చేసుకోండి. కంప్యూటర్లోనే దాచుకునే క్యాలెండరయితే అది ప్రొఫైల్లో క్యాలెండర్-డేటా ఫోల్డర్లో ఉంటుంది. ఇది చెయ్యకుండా రెండో అడుగు వెయ్యొద్దు.

2. మీరు తెరిచింది ఏ థండర్‌బర్డ్? ఉబుంటు 24.04 నుంచి అది స్నాప్‌గా వస్తోంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, మామూలు ప్యాకేజీ, ఒక్కొక్కటి ప్రొఫైల్ని ఒక్కో చోట పెడుతుంది. "క్యాలెండరు మొత్తం పోయింది" అని గుండె బాదుకునేవాళ్ళలో కొందరికి పోయిందేమీ ఉండదు, ఖాళీ ప్రొఫైలు తెరిచి ఉంటారు.

3. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. ఆడాన్లన్నీ ఆపి తెరుస్తుంది. అప్పుడు బాగుంటే దొంగ ఆడాన్లలో ఉన్నాడు. ఒక్కొక్కటే తిరిగి వెయ్యండి.

4. అప్పటికీ తేలకపోతే ఎర్రర్ కన్సోలు. కంట్రోల్, షిఫ్టు, జె కలిపి నొక్కితే వస్తుంది. మొదటి ఎర్రరు చదవండి, చివరిది కాదు. ఒకటి సరిచేశాక కూడా పనిచెయ్యకపోతే, రెండో దొంగ ఉన్నాడేమో చూడండి.

5. అసలు ఆ ఆడాన్ అవసరమా? మా కుర్రాడు గూగుల్ క్యాలెండరు కోసం ఎప్పుడో వేసుకున్నాడు. గూగుల్ క్యాలెండరుకి కాల్‌డావ్ ఉంది, థండర్‌బర్డ్‌కి కాల్‌డావ్ వచ్చు. నెట్‌వర్క్ క్యాలెండరుగా కలిపి లాగినైతే పది నిమిషాల్లో పనైపోయింది. అంకె మార్చే పనే లేకపోయింది.

6. అన్నింటికన్నా ముఖ్యం: ప్రతి అప్‌గ్రేడ్ తరువాత, ఐదు నిమిషాల తరువాతకి ఒక ఉత్తుత్తి ఈవెంటు పెట్టి రిమైండరు మోగేదాకా కూర్చోండి. మెనూలో పేరు కనిపించడం పరీక్ష కాదు. మోగడమే పరీక్ష.

ఇంకో మాట. ఆడాన్ ఆగిపోగానే వెళ్ళి ఒక స్టార్ ఇచ్చి నాలుగు తిట్లు రాసే అలవాటు మనకుంది. దాని వెనక సాయంత్రాలు ఖర్చుపెట్టి రాస్తున్న ఒకరిద్దరు ఉంటారు, అంతే. ఏ డిస్ట్రో, ఏ థండర్‌బర్డ్, ఏ ఎర్రరు అని మూడు ముక్కలు సరిగ్గా రాసి పంపితే తిట్టినదానికన్నా త్వరగా బాగవుతుంది. మనం బగ్గులు ఫైల్ చేసే బతుకులే కదా, ఆ మాత్రం చేతకాదా?

మా కుర్రాడు కథంతా విని, "అన్నా, ఇంతకీ ఆ అంకె ఎక్కడుంటుందో మాత్రం చెప్పలేదు" అన్నాడు. చెప్పాను. దాచి ఏం లాభం, జిప్ ఫైలు విప్పడం వాడికి రాదా ఏమిటి. కాకపోతే ఐదు నిమిషాల ఈవెంటు నా ముందే పెట్టించాను. అది మోగాకే పంపించాను.

నాన్న వచ్చే ప్రతిసారీ ఇప్పటికీ నేను క్యాలెండర్లో పెట్టుకుంటాను, ఫోన్లో పెట్టుకుంటాను, గోడ మీద పంచాంగంలో కూడా గుండ్రంగా గీత గీసుకుంటాను. మూడోదానికి మాత్రం ఇంతవరకూ ఏ వెర్షను గొడవా రాలేదు.