మూడు మాత్రల ముచ్చట

మా అన్నయ్యకు రక్తపుపోటు పదేళ్లనాటి చుట్టం. డాక్టరుగారు మూడు రకాల మాత్రలు రాసి ఆరు నెలలైనా పై అంకె 170 నుంచి దిగిరాలేదు. "మొండి పోటు కాబోలు, నాలుగో మాత్ర కూడా తప్పదేమోరా" అని దిగులుపడి, నన్ను తోడు తీసుకొని హనుమకొండ చౌరస్తా దగ్గరున్న ఆ డాక్టరుగారి వద్దకు బయలుదేరాడు.

డాక్టరుగారు వెంటనే కలం తీయలేదు. అన్నయ్యను ఐదు నిమిషాలు మాట్లాడనీయకుండా కూర్చోబెట్టి, రెండుసార్లు పోటు చూసి, "మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?" అన్నారు.

"రోజుకొకటి, వంతులవారీగా. మూడూ ఒక్కనాడే మింగితే వేడి చేయదుటండీ?"

నాకు నవ్వు వచ్చింది. మరుక్షణమే నాన్నగారు జ్ఞాపకం వచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. ఆయనా "ఒంట్లో బాగానే ఉంది గదా" అని మాత్ర మానేశారు. ఒకనాటి తెల్లవారుజామున పక్షవాతంతో పడిపోయారు. మళ్లీ లేవలేదు.

డాక్టరుగారు కోప్పడలేదు. "ఓరుగల్లు వారికి చెరువు సంగతి నేను చెప్పాలా? నీరు కట్టమీదికి వస్తుంటే ఒక్క దారి తెరిచి ఊరుకుంటారా? అమ్లోడిపిన్ రక్తనాళాలను సడలిస్తుంది, కాలువ వెడల్పు చేసినట్టు. క్లోర్‌థాలిడోన్ అదనపు ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపుతుంది, తూము ఎత్తినట్టు. కాని నీరు పోతుంటే శరీరం ఊరుకోదు. నాళాలను బిగించే హార్మోనును మరింత పుట్టిస్తుంది. దానికి టెల్మిసార్టాన్ అడ్డం నిలుస్తుంది. ఈ మూడూ కలిసి చేయవలసిన పనిని మీరు వంతులకు వేశారు!" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఒకే మందును రెట్టింపు చేయడం కంటే, వేరే జాతి మందును కొద్దిగా చేర్చడమే ఎక్కువ మేలట. అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. టెల్మిసార్టాన్ తోడుంటే ఆ వాపు తగ్గుతుంది. ఉమ్మడి కాపురంలో ఒకరి లోపం ఇంకొకరు సర్దుకున్నట్టు!

ఈ కలయిక నిన్నమొన్నటిది కాదు. మన సర్పగంధ వేరు పోటును దించుతుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో రాసి లోకానికి చాటారు. 1952లో దానినుంచి రిసెర్పిన్ తీశారు. తర్వాత దాన్ని వేరే మందుతో కలిపి 'అడల్ఫేన్' మాత్ర చేశారు. 2018లో వెలువడిన శ్రీలంక పరిశోధన మరీ ముచ్చటైనది. 700 మందిలో కొందరికి పై మూడు మందులనూ తక్కువ మోతాదులో ఒకే మాత్రగా ఇచ్చారు. ఆరు నెలలకు వారిలో నూటికి 70 మందికి పోటు అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందినవారిలో 55 మందికే.

మరి నిజంగా మొండి పోటు ఉండదా? ఉంటుంది. మూత్రం జారీచేసే మందుతో సహా మూడింటినీ తగు మోతాదులో రోజూ వేసుకున్నా దిగకపోతే, అదీ మొండితనం. అప్పుడు ఊరగాయ ఉప్పు, మోకాళ్ల నొప్పి మాత్రలు, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, మూత్రపిండాల జబ్బు వరుసగా విచారించాలి. ఆపైన నాలుగో మందుగా స్పైరనోలాక్టోన్ బాగా పనిచేస్తుందని 2015 నాటి బ్రిటిష్ పరిశోధన తేల్చింది. అయితే రక్తంలో పొటాషియం చూస్తూ వాడాలి. కాబట్టి ఈ పేర్లు చదివి ఎవరూ మందుల దుకాణానికి పరుగెత్తకండి. ఏ మందు ఎవరికి పడుతుందో చెప్పవలసింది డాక్టరు. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి.

మా వదిన ఆనాడే ఆవకాయ జాడీని అటకెక్కించింది. పొద్దున కాఫీతోపాటు మూడు మాత్రలూ చేతిలో పెట్టి, మింగేదాకా కదలదు. రెండు నెలలకు పోటు 134కు దిగింది. "ఏమీ వేడి చేయలేదురా!" అన్నాడు అన్నయ్య, తానే కనిపెట్టినట్టు.

అన్నట్టు, మొన్న నేనూ చెయ్యి చాపి చూపించుకున్నాను. 148! జబ్బు వంశపారంపర్యమైనప్పుడు, బుద్ధి కూడా ఎవరో ఒకరితో మొదలు కావాలి గదా!