డ్రోను వేగము – క్రిందివారి క్షేమము

కడప జిల్లాలోని గండికోటవద్ద పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని ప్రవహించుచున్నది. ఇరువైపుల ఎఱ్ఱని బండలు గోడలు కట్టినట్లు నిలిచియున్నవి. ఒక సాయంకాలము ఆ లోయ అంచున ఒక యువకుడు నిలిచియున్నట్లు ఊహింపవచ్చును. కోట పురాతత్వశాఖ రక్షణలో నున్నది గనుక అతడు ముందుగా అనుమతి పొందియే వచ్చినాడు. కన్నులకు అద్దాలపెట్టె కట్టుకొని, చేతులతో మీటలపెట్టె పట్టుకొని, తన కెమేరా డ్రోనును అతడు లోయలోనికి దింపినాడు. అది గ్రద్దవలె వాలి, నీటిమీదుగా దూసికొనిపోయి, బండకు మూరెడు దూరమున మలుపు తిరిగి, మరల ఆకాశమునకు లేచినది. డ్రోను చూచునదెల్ల అతని కన్నులకు కట్టినట్లు కనబడుచున్నది. కాలు కదపకయే అతడు పక్షి యైనాడు.

ఆ లోయ అంచుననే, కొంతదూరమున, ఒక వృద్ధుడు మేకలను మేపుకొనుచున్నాడు. ఆ యువకుడు వృద్ధుని చూడలేదు. అతని కన్నులు అద్దాలపెట్టెలో నున్నవి. వృద్ధుడును ఆ యువకుని చూడలేదు. తుమ్మెదల గుంపువంటి మ్రోత మాత్రము వినినాడు. ఆ మ్రోతకు ఒక మేక బెదరినచో మంద యంతయు బెదరును. బెదరిన మంద అంచువైపునకు పరుగెత్తినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

వేగముగా డ్రోనును నడపుటలోని లాభనష్టములను గూర్చి ఆలోచించువారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఇందలి ఆనందమెవరిది? అపాయమెవరిది?

ఆనందమును తక్కువచేసి పలుకుట న్యాయము కాదు. వేగముగా డ్రోనును నడపుట ఒక విద్య. కన్ను, చేయి, మనస్సు ఒక్కటైననే గాని అది పట్టువడదు. పరుగుపందెములో నున్నవానిని, కొండవాలున జారు క్రీడాకారుని వెంబడించి చిత్రము తీయుట నిదానముగా పోవు యంత్రమునకు సాధ్యము కాదు. వినోదమునకే గాక విజ్ఞానమునకును ఈ వేగము పనికివచ్చుచున్నది. స్విట్జర్లాండు దేశమున జ్యూరిక్ విశ్వవిద్యాలయము వారు నిర్మించిన స్విఫ్ట్ అను డ్రోను, తనంతట తానే ఎగురుచు, డ్రోను పందెములలో ఆరితేరిన మానవులను ఓడించిన వృత్తాంతము 2023లో ప్రకటింపబడినది. అట్టి పరిశోధనకు ప్రయోజనము లేకపోలేదు. డ్రోను బ్యాటరీ కొన్ని నిమిషములలో ఖర్చగును. ఆ కొన్ని నిమిషములలో ఎక్కువ దూరము వెదకగలిగిన యంత్రము, ఆపదలో నున్నవానిని ముందుగా కనుగొనును.

ఆపద యన నేమో కర్నూలువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి నగరమును ముంచినప్పుడు, ఏ మిద్దెపై ఎవరు చిక్కుకొనియున్నారో తెలిసికొనుటయే కష్టమైనది. 2021 నవంబరులో చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినప్పుడు, దిగువ గ్రామములకు దొరకిన సమయము బహు స్వల్పము. 2024 సెప్టెంబరునాటికి కాలము మారినది. విజయవాడను బుడమేరు ముంచినప్పుడు, పడవలు పోలేని చోట్లకు డ్రోనులు ఆహారపు పొట్లములను చేర్చినవి. అట్టి వేళలలో వేగము వినోదము కాదు, ప్రాణరక్షణము. కనుక వేగమును దోషమని త్రోసివేయుట తగదు.

అయినను వేగమును గూర్చిన లెక్క వేరు. దానిని ప్రతి విద్యార్థియు తెలిసికొనవలెను. ఒక కిలోగ్రాము బరువుగల డ్రోను సెకనుకు 10 మీటర్ల వేగముతో, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, దాని చలనశక్తి 50 జౌళ్లు. అదే డ్రోను గంటకు 108 కిలోమీటర్ల వేగము పొందినచో ఆ శక్తి 450 జౌళ్లగును. వేగము మూడు రెట్లే పెరిగినది. శక్తి తొమ్మిది రెట్లు పెరిగినది. గంటకు 140 కిలోమీటర్ల వేగముతో వచ్చు క్రికెట్ బంతి శక్తి సుమారు 120 జౌళ్లు. అనగా ఆ డ్రోను తాకిడి అట్టి బంతికంటె మూడున్నర రెట్లకు పైబడిన బలము గలది. పైగా బంతి గుండ్రముగా నుండును. డ్రోనుకు తిరుగుచున్న రెక్క లుండును. బంతి నెదుర్కొను ఆటగాడు తలకు శిరస్త్రాణము ధరించి, బంతి వచ్చునని యెఱిగి నిలిచియుండును. మేకలకాపరికి తలగుడ్డ తప్ప వేరు రక్షణ లేదు. ఏమి వచ్చుచున్నదో ఎఱుకయు లేదు.

ఆపుట సంగతియు ఇట్లే. అంతే బలముతో నిలుపవలెనన్న, మూడు రెట్ల వేగమునకు తొమ్మిది రెట్ల దూరము కావలెను. గంటకు 108 కిలోమీటర్ల వేగమున పోవు డ్రోను సెకనులో 30 మీటర్లు పోవును. అడ్డమును చూచి వ్రేలు కదలుటకు పావు సెకను పట్టిన, ఆ లోపలనే ఏడు మీటర్లకు పైగా గడచిపోవును. అనేక కెమేరా డ్రోనులలో అడ్డములను పసిగట్టి తమంతట తామే ఆగు ఏర్పాటున్నది. కాని వాటిని అత్యధిక వేగమునకు త్రిప్పినప్పుడు ఆ ఏర్పాటు సాధారణముగా పనిచేయకుండును. అనగా రక్షణ ఎప్పుడెక్కువ కావలెనో అప్పుడే అది తొలగును. ఇక కర్నూలు, కడప సీమలలో కొండమిట్టలపై విద్యుత్తు తీగలు పోవుచున్నవి. నింగి వెలుతురులో సన్నని తీగ కెమేరాకు కనబడునప్పటికి డ్రోను దానిని దాటియుండును, లేదా దానికి తగులుకొనియుండును. వేసవిలో నలువది డిగ్రీలు దాటు ఎండ బ్యాటరీని బాధించును. మధ్యాహ్నపు సుడిగాలి యంత్రమును త్రోవ తప్పించును.

ఈ అపాయములు ఊహలు కావు. 2015 డిసెంబరు 22వ తేదీన ఇటలీలో మంచువాలు పందెము జరుగుచుండగా ఒక కెమేరా డ్రోను ఆకాశమునుండి పడిపోయినది. ఆస్ట్రియా దేశపు క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ దాటిన మరుక్షణమే అది అతని వెనుక మంచుపై ముక్కలైనది. రెప్పపాటు ముందుగా పడినచో అతని వీపుపై పడియుండెడిది. అది అనుభవము లేని బాలుని ఆటవస్తువు కాదు. ప్రసారము కొఱకు తెచ్చిన యంత్రము. 2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ వద్ద కార్చిచ్చు రేగినప్పుడు, ఆ దృశ్యము చూడగోరి ఒకడు తన డ్రోనును చాల దూరము పంపి, దానిని కనుచూపు మేరనుండి పోగొట్టుకొనినాడు. అది నిప్పు నార్పుచున్న విమానపు రెక్కకు తగిలి రంధ్రము చేసినది. విమానము క్షేమముగా దిగినది గాని మరమ్మతునకై నిలిచిపోయినది. ఆపదలో ఆదుకొను సాధనమే ఆపదలో ఆదుకొనువారికి అడ్డమైనది.

ఇచ్చట కొందఱు ఇట్లు వాదింతురు: "సాహసము లేక విద్య పెరుగునా? విమానమును కనిపెట్టినవారు అపాయమునకు వెఱచి యింట కూర్చున్నచో మానవుడు ఎగురగలిగెడివాడా?" ఈ మాటలో సత్యమున్నది, కాని సగమే యున్నది. జర్మనీ దేశపు ఆటో లిలియెంథాల్ తాను కట్టిన రెక్కలతో కొండపైనుండి గాలిలో తేలుచు, పక్షుల విద్యను మానవునకు నేర్పజూచినాడు. 1896 ఆగస్టులో అట్లు తేలుచుండగా గాలి ఎదురుతిరిగి, నేలకూలి, మరునాడు మరణించినాడు. అతడు పణముగా పెట్టినది తన ప్రాణమునే. రెక్క వంగినచో ముందుగా విరుగునది తన వెన్నెముకయే యని అతడెఱుగును. ఆ యెఱుక అతనికి జాగ్రత్తను నేర్పినది. ఆ జాగ్రత్తయే తరువాతివారికి విమానవిద్య యైనది.

డ్రోను నడపువాని స్థితి వేరు. అతడు నేలపై నిలిచి, క్షేమముగా నుండి, మేఘముల వేగమును అనుభవించును. డ్రోను కూలినచో అతనికి పోవునది సొమ్ము. క్రిందనున్నవానికి పోవునది కన్ను కావచ్చును, ప్రాణము కావచ్చును. ప్రాచీన సాహసికునకు భయము గురువు. డ్రోను సాహసికునకు ఆ గురువు లేడు. శరీరముతోపాటు భయమును నేలపైనే విడిచి అతడెగురుచున్నాడు. కనుక భయము చేయవలసిన పనిని మనస్సాక్షి చేయవలెను. తన ప్రాణమును ఒడ్డుట సాహసము. అడుగకయే యితరుని ప్రాణమును ఒడ్డుట సాహసము కాదు.

సాహసమును ఎట్లు నిలువరింపవలెనో కర్నూలు సీమయే ఒక విధముగా చూపుచున్నది. ఓర్వకల్లు సమీపమున భారత రక్షణ పరిశోధన సంస్థవారి విశాలమైన ప్రయోగక్షేత్ర మున్నది. 2025 ఏప్రిల్ 13వ తేదీన అచ్చట లేజరు కిరణముతో ఒక డ్రోనును కూల్చివేసిరి. అదే సంవత్సరము జూలైలో డ్రోనునుండి క్షిపణిని ప్రయోగించి చూచిరి. ఇంతటి ప్రమాదకరమైన పనికి వారు ఊరి నడిబొడ్డును గాని, తిరునాళ్ల మైదానమును గాని ఎన్నుకొనలేదు. జనసంచారము లేని చోటును వేరుచేసి, హద్దు లేర్పఱచి, ఆ లోపలనే ప్రయోగము చేసిరి. దేశమునకు అత్యవసరమైన పనికే ఇంత జాగ్రత్త కావలసినప్పుడు, వినోదమునకు ఎంత కావలెను?

ఆ ఓర్వకల్లువద్దనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేర విమానాశ్రయ మున్నది. 2021 మార్చి 28నుండి అచ్చట ప్రయాణికుల విమానములు నడచుచున్నవి. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమముల ప్రకారము, నిషేధము లేని చోట్ల 400 అడుగుల ఎత్తువరకు అనుమతి లేకయే ఎగురవేయవచ్చును. విమానాశ్రయపు హద్దునుండి 8 కిలోమీటర్ల లోపల నేలనుండియే అనుమతి కావలెను. 8 మొదలు 12 కిలోమీటర్లవరకు 200 అడుగులు దాటినచో కావలెను. డ్రోను నడపు ధ్రువపత్రము పొందుటకు పదునెనిమిది సంవత్సరములు నిండియుండవలెను. పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. 250 గ్రాములకు లోబడిన చిన్న డ్రోనులకును, వ్యాపారమునకు గాక వాడు రెండు కిలోగ్రాముల లోపలి వాటికిని ఆ పత్రము అక్కరలేదు. కాని పత్రము అక్కరలేదన్నంత మాత్రమున వివేకము అక్కరలేదని అర్థము కాదు. పైన లెక్కించిన 450 జౌళ్ల డ్రోను ఈ మినహాయింపులోనిదే.

మరియొక విషయము గమనింపదగినది. రాయలసీమలో డ్రోను చేయు మేలైన పనులలో పెక్కు నిదానముగా చేయునవే. పైరుపై మందు చల్లు డ్రోను మెల్లగా పోయిననే ప్రతి చాలునకు మందు సమముగా పడును. 2020లో మొదలైన స్వామిత్వ పథకమున గ్రామములలోని ఇండ్ల స్థలములను కొలుచు డ్రోను, ఒకే వేగమున క్రమము తప్పక పోవును. తొందరపడిన చిత్రము మసకబారును, హద్దు తప్పును. గని, శకునాల గ్రామముల పరిధిలోని 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమువంటి చోట్ల, వేలకొలది పలకలలో చెడినదానిని వెదకుటకును నిదానమే కావలెను. చూచుటకై పుట్టిన యంత్రము చూడలేనంత వేగముగా పోయిన ప్రయోజనమేమి?

క్రిందనున్నవారనగా మనుష్యులు మాత్రమే కారు. కడప జిల్లా లంకమల అడవులలోని కలివికోడి 1900 తరువాత కనబడక, నశించినదని తలపబడి, 1986లో మరల కనబడినది. ముండ్లపొదల నడుమ నేలపై సంచరించు అట్టి అరుదైన పక్షి నివాసముపై ఆకాశమునుండి మ్రోత కురిపించుట న్యాయము కాదు. అది ఫిర్యాదు చేయజాలదు. చోటు విడిచి పోగలదు, అంతే. పోవుటకు దానికి మిగిలిన చోటును కొంచెమే.

ఇంతమాత్రమున డ్రోనును కట్టిపెట్టవలెనని తాత్పర్యము కాదు. ఓర్వకల్లువద్ద 300 ఎకరములలో డ్రోను నగరమును నిర్మింప రాష్ట్రప్రభుత్వము సంకల్పించినది. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలలో కొందఱు రేపు అచ్చట డ్రోనులను నిర్మింతురు, నడపుదురు. వారికి వేగమును నేర్పవలసినదే. కాని నేర్పు వరుస ఒకటి గలదు. ముందు నిలుపుట, పిదప మలుపుట, ఆ పిదప పరుగెత్తించుట. ఎగురవేయుటకు ముందు ఆ దారిని కాలినడకను ఒకసారి చూడవలెను. తీగ యెక్కడ నున్నదో, బావి యెక్కడ నున్నదో, పొలములో ఎవరు పని చేయుచున్నారో తెలిసికొనవలెను. నడపువాని కన్నులు అద్దాలలో నున్నప్పుడు, ఆకాశమును నేలను కనిపెట్టుటకు ప్రక్కన మరియొకడు నిలువవలెను. జనులు గుమిగూడిన చోట, బడి ఆటస్థలమున, తిరునాళ్లలో, రహదారిపై వేగము తగదు.

గండికోట అంచున నిలిచిన ఆ యువకుడు అద్దాలపెట్టె కట్టుకొనుటకు ముందు కొన్ని నిమిషములు వెచ్చించి, ఆ వృద్ధునివద్దకు నడచిపోయి, "తాతా! ఇచ్చట దీనిని ఎగురవేయవలెననుకొనుచున్నాను. మేకలను కొంచెము ఆవలికి తోలుదువా, లేక నన్నే వేరొక చోటికి పొమ్మందువా?" అని అడిగినచో, అతని వేగము తగ్గదు, అతని చిత్రమునకు అందము తగ్గదు. మేకలు అంచునుండి దూరముగా మేయుచుండగా, ఆ వృద్ధుడును తలయెత్తి ఆ యంత్రపక్షిని చూచి సంతోషించును. అప్పుడా ఆనందము ఇద్దరిది యగును.